మా మామగారు కట్టిన పనసచెక్క తొట్టి

మా మామగారు పోయారన్న కబురు బుధవారం మధ్యాహ్నం, దీవికి ఉత్తరాన ఉన్న ట్రియోలేలో నాకు అందింది. బడిలో పిల్లల చేత గుణింతం చెప్పిస్తున్నాను. పోర్ట్ లూయీ నుంచి వచ్చిన బండివాడు గుమ్మం దగ్గర టోపీ తీసి నిలబడి, "నువెల్ ఫ్రాన్స్ కబురండీ. టోనెల్యే ముసలాయన పొద్దున్నే వెళ్లిపోయారట. మీ ఇంటావిడ వెంటనే రమ్మన్నారు" అన్నాడు. ఆవిడ తండ్రికి బాగాలేదని అంతకు వారం ముందే అక్కడి పుట్టింటికి వెళ్లింది. నేను తల ఊపి, పిల్లలకేసి తిరిగి, "కి" దగ్గర ఆగిన పాఠాన్ని మళ్లీ "క" నుంచి మొదలుపెట్టాను. రెండుసార్లు చెప్పించాక గానీ విన్నదేమిటో నాకు ఎక్కలేదు.

రైల్లో కూర్చోలేకపోయాను. ఆగిన ప్రతి స్టేషన్‌లోనూ దిగాను, కూత వేయగానే ఎక్కాను. క్యూర్‌పిప్ దగ్గర ఒక పెద్దమనిషి విసుక్కుని, "ఎక్కడ దిగాలో తెలియదా మీకు?" అని అడిగాడు. రోజ్ బెల్‌లో దిగి, కొండదారిన నువెల్ ఫ్రాన్స్ చేరేసరికి మట్టి అయిపోయింది. కొడుకులా నిలవాల్సిన నేను పాడెకి భుజం పట్టలేదు. ఈ నాలుగు మాటలూ రాయడానికి అదొక కారణం.

ఈ పక్క చాలామందికి ఆయన కట్టిన పీపాలు తెలుసు, ఆయన తెలియరు. రోజ్ బెల్ దగ్గర చక్కెర ఎస్టేట్‌లో ఆయన పీపాలు కట్టే పని చేసేవారు. క్రియోల్‌లో ఆ పనివాణ్ణి టోనెల్యే అంటారు. అందుకే ఆయన పేరు ఊళ్లో ఎవరికీ అక్కర్లేకపోయింది. పొట్టి మనిషి. కుడి బొటనవేలు ఎప్పుడో సుత్తి కింద పడి పక్కకి వంగిపోయింది. కాలు ఒక్కచోట నిలిచేది కాదు. అన్నం కూడా చేత్తో ముద్ద పట్టుకుని వాకిట్లో తిరుగుతూ తినేవారు. మా అత్తగారు "కూర్చుని తింటే కంచం కరుస్తుందా?" అనేవారు. "నడిచే మనిషికి ముద్ద తొందరగా దిగుతుందే" అని ఆయన జవాబు. తనకంటే చిన్నవాళ్లని కూడా "మీరు" అనేవారు. అల్లుణ్ణి గనక నన్ను "అల్లుడుగారూ" అని పిలిచేవారు. ఆ పిలుపుకి నేను తగని రోజుల్లో కూడా.

ఆ రోజుల సంగతి దాచి ఆయన గురించి రాస్తే అబద్ధమవుతుంది.

పెళ్లయిన కొత్తలో నేను అదే ఎస్టేట్‌లో రమ్ము కాచే బట్టీ దగ్గర పనిచేసేవాణ్ణి. మొదట్లో వాసన, తర్వాత రుచి, తర్వాత అలవాటు. రెండేళ్లు తిరిగేసరికి పొద్దున్న లేవగానే గుక్క పడకపోతే చేతులు వణికేవి. ఇంట్లో ఒక్కచోట కూర్చోలేను, బయట ఒక్కచోట నిలబడలేను. ఒక శనివారం సాయంత్రం మా వీధిలో రామభజన. దీపపు సెమ్మె చుట్టూ అందరూ అడుగులు వేస్తూ పాడుతున్నారు. నేను తాగి వచ్చి ఆ వరసలోకి జొరబడ్డాను. తూలి సెమ్మె మీద పడ్డాను. కాగిన నూనె నా భార్య పాదం మీద ఒలికింది. అప్పుడామెకి ఐదో నెల. ఆమె కేక పెట్టలేదు. చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని నాకేసి చూసింది. మర్నాడు పొద్దున్నే కాలికి గుడ్డ చుట్టుకుని నువెల్ ఫ్రాన్స్ వెళ్లే బండి ఎక్కేసింది.

మూడో రోజు మామగారు వచ్చారు. కొడతారనుకున్నాను. కొట్టినా బాగుండుననుకున్నాను. ఆయన గుమ్మంలో అటూ ఇటూ నాలుగు అడుగులు వేసి, "అల్లుడుగారూ, నాకో తొట్టి కట్టుకోవాలి. ఒక్కడి వల్ల కాదు. మీరు వస్తారా?" అన్నారు.

"ఏం తొట్టి మావయ్యా?"

"బీరు కాచుకునే తొట్టి."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఆయన చుక్క ముట్టరు. దారిలో నడుస్తూ చెప్పారు. చాలా ఏళ్ల కిందట మిల్లులో ఇంజనీరు దొర ఒకడుండేవాడట. రమ్ము పడక, ఇంట్లోనే బీరు కాచుకునేవాడట. అతనికి తొట్టి కట్టి ఇచ్చింది ఈయనే. మొలకెత్తించి ఎండబెట్టిన గింజని నలగ్గొట్టి, వేడినీళ్లలో నానబెడితే గింజలోని పిండి తియ్యటి రసంగా మారుతుంది. ఆ రసాన్ని వడకట్టి, చేదు వేసి కాచి, చల్లార్చి పులియబెడితే బీరు. "అన్నిటికీ మూలం నానబెట్టే తొట్టి. అది కుదిరితే అన్నీ కుదురుతాయి" అన్నారు.

"నాకు బీరు ఎందుకు మావయ్యా? మానెయ్యమని ఒట్టు వేయించుకోండి."

"మూడుసార్లు వేశారుగా ఒట్టు. ఏరు ఒక్క గెంతులో దాటలేనివాడికి మధ్యలో రాయి వెయ్యాలి. రాయి వేసి చూద్దాం."

ఇంటి వెనక ఆయన పనిచేసుకునే పాకలో నాకు చాప వేశారు. ఇంట్లోకి రావద్దని నా భార్య షరతు. అన్నం మా అత్తగారు తెచ్చి పెట్టేవారు. ఆ పాకలో బాడిశలు, రంపాలు, చిత్రికలు, ఇనప పట్టీలు. గాలి వీస్తే చెక్కపొట్టు నేలమీద ఒక మూల నుంచి ఇంకో మూలకి పరుగెట్టేది. నా ప్రాణమూ అలాగే ఉండేది.

తొట్టి దేంతో చెయ్యాలన్నది మొదటి తగువు. కష్టపడటం దేనికని నేను బట్టీ దగ్గర పాత రమ్ము పీపా ఒకటి అడిగి దొర్లించుకొచ్చాను. సగానికి కోస్తే రెండు తొట్లు. మంచి ఓకు చెక్క. మామగారు మూత ఊడదీసి, తల లోపల పెట్టి వాసన చూశారు. వెంటనే కాలితో తన్ని బయటికి దొర్లించేశారు.

"చెక్క మంచిదే మావయ్యా!"

"చెక్క మంచిదే. కానీ వేడినీళ్లు పొయ్యగానే ఇందులో ఇంకిన రమ్మంతా పైకి లేస్తుంది. ఆ ఆవిరి మీద ముఖం పెట్టి మూడు గంటలు ఉండాల్సింది మీరు. ఉండగలరా?"

 దొర్లించుకొస్తూ దారిలో రెండుసార్లు ఆగి ఆ బిరడా వాసన చూశానని ఆయనకి తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాత మిల్లు వెనక పారేసిన ఇనప బాన తెచ్చాం. ఒకప్పుడు చెరకు రసం కాచిన బాన. దాన్ని ఆయన పరీక్షించిన తీరు చెప్పాలి. మరుగుతున్న నీళ్లు పోసి, మూత పెట్టి, గుడిదాకా నడిచి వెళ్లి తిరిగొచ్చారు. వేలు ముంచి, "స్నానానికి బాగుంటాయి" అన్నారు. గింజ రసంగా మారాలంటే వేడి గంటన్నరైనా తగ్గకుండా నిలవాలి. ఎక్కువైతే గింజ చచ్చిపోతుంది, తక్కువైతే పులిసిపోతుంది. అదే పరీక్ష అత్తగారు బట్టలు నానబెట్టే మందపాటి చెక్కతొట్టికి పెడితే గుడికి రెండుసార్లు వెళ్లొచ్చినా వేలు చురుక్కుమంది. "ఇనుము మా అల్లుడు లాంటిది. తొందరగా కాగుతుంది, తొందరగా చల్లారుతుంది" అని అత్తగారితో అంటుంటే నేను విన్నాను. కోపం రాలేదు.

చెక్కే అని తేలింది. ఏ చెక్క? సముద్రం ఒడ్డున పెరిగే తాకమాకా చెట్టు చెక్క అయితే రసాన్ని వగరు చేస్తుందన్నారు. పాక దూలాల మీద పనసచెక్కలు కొన్ని ఏళ్లుగా ఆరుతున్నాయి. "పనస రంగు దిగుతుంది, దిగనీ. వాసన దిగదు, వంకర పోదు" అని వాటిని కిందికి దించారు.

ఆ చప్పుడుకి నా భార్య పెరట్లోకి వచ్చింది. నేనక్కడికి వెళ్లాక ఆమె గొంతు వినడం అదే మొదలు.

"నాన్నా, అవి ఉయ్యాలకని దాచినవి కదా. నా బిడ్డ ఉయ్యాల చెక్కతో ఈయనకి బీరుతొట్టి కడతారా?"

మామగారు చెక్క మీది దుమ్ము చేత్తో తుడుస్తూ చాలాసేపు అక్కడే తిరిగారు. "నీ చీర కట్టినా ఉయ్యాలే అవుతుందమ్మా. తండ్రిని మాత్రం చీరతో చెయ్యలేం" అన్నారు. ఆమె లోపలికి వెళ్లిపోయి తలుపు వేసుకుంది.

తొట్టికి పద్దెనిమిది చెక్కలు. ఒక్కొక్కటి రెండంగుళాల మందం, కింద వెడల్పు, పైన కొంచెం ఇరుకు. అంచులు ఏటవాలుగా చిత్రిక పట్టాలి. గుండ్రంగా నిలబెడితే ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలవాలి. మేకు లేదు, జిగురు లేదు. ఇనప పట్టీని పై నుంచి కిందికి దిగ్గొట్టేకొద్దీ బిగుస్తుంది. తొట్టి ఎంత వెడల్పో దాదాపు అంతే లోతు. పల్చగా పరిస్తే గింజ వేడి పోగొట్టుకుంటుందని, మరీ లోతైతే కింద రసం దిగదని ఆయన లెక్క. ఇవన్నీ నడుస్తూనే చెప్పేవారు. నేను చిత్రిక పట్టుకుంటే చేతుల వణుకుకి అంచు అలలు అలలుగా వచ్చేది. ఆయన వేలితో తడిమి, "ఇక్కడ కారుతుంది. మళ్లీ పట్టండి" అనేవారు.  ఒక చెక్కని ఐదుసార్లు పట్టి పట్టి అది అట్టలా అయిపోతే, దాన్ని పక్కన పెట్టి ఇంకోటి ఇచ్చారు.

ఆరో రోజు నేను పారిపోయాను. కాళ్లు నా మాట వినలేదు. రోజ్ బెల్ బజారులో ఒక కొట్టు ముందు బల్ల మీద కూర్చుని పట్టపగలే తాగాను. ఆయన కొండ దిగి వచ్చారు. చేతిలో సుత్తి అలాగే ఉంది, పెట్టి రావడం మరిచినట్టున్నారు. బజారంతా చూస్తుండగా, "లేవరా! నా కూతురు గుడ్డ కట్టిన కాలితో కుంటుతూ నీకు అన్నం వండుతోందిరా, లే!" అని అరిచారు. అన్నం మా అత్తగారు వండుతున్నారనే నేనప్పటిదాకా అనుకున్నాను. లేచాను. దారంతా ఆయన ముందు, నేను వెనక.

మర్నాడు పొద్దున్న నేను మొహం కడుక్కుంటుంటే ఆయన వచ్చి నిలబడ్డారు. నిజంగానే నిలబడ్డారు, కదలకుండా. "నిన్న నోరు జారాను అల్లుడుగారూ. మన్నించాలి" అన్నారు. నన్ను తిట్టిన వాళ్లు చాలామంది ఉన్నారు. నన్ను మన్నించమన్నది ఆయనొక్కరే. చెంబు కింద పెట్టి చిత్రిక తీసుకున్నాను. 

తొట్టి నిలబడ్డాక నీళ్లు పోస్తే అన్ని వైపులా కారింది. ఆయన కంగారు పడలేదు. "చెక్కకి దాహం తీరనివ్వండి" అన్నారు. రెండు రోజులకి చెక్క ఉబ్బి కారడం ఆగింది. రెండు చోట్ల మాత్రం, నేను పట్టిన చెక్కల దగ్గర, ఎండిన తుంగ ఆకు దూర్చాల్సొచ్చింది. అడుగున కుళాయి బిగించి, దాని పైన జానెడు ఎత్తులో జల్లెడ అడుగు పెట్టాం. గింజ పైన ఉండి రసం కిందికి దిగడానికి. రాగి రేకుకి మేకుతో బెజ్జాలు కొట్టి చేశాం దాన్ని.

బార్లీ ఈ దీవిలో ఎక్కడ దొరుకుతుంది? మా అత్తగారు పెరట్లో పండించిన చోళ్లు, కొంచెం మొక్కజొన్న మొలకెత్తించి ఎండబెట్టారు. మొదటిసారి వేడినీళ్లలో పోశాం. మూత పెట్టి గోనెసంచులు కప్పాం. గంటన్నర తర్వాత కుళాయి తిప్పితే చుక్క రాలేదు. మామగారు నేలమీద పడుకుని కుళాయికి నోరు పెట్టి ఊదారు. వేడి రసం ఒక్కసారి ఎగదన్ని పెదవి కాలింది. అయినా మళ్లీ ఊదారు. మూత తీస్తే లోపల ముద్ద. మా అత్తగారు తొంగి చూసి, "చోడి సంకటి బాగా కుదిరింది. ఉల్లిపాయ తెమ్మంటారా?" అన్నారు. ఆయన కాలిన పెదవితోనే నవ్వారు. నేను ఆ సంకటిని మేకలకి వేసి వచ్చి, పాక గుంజ పట్టుకుని నిలబడిపోయాను. ఇక కుదరదనిపించింది. తొట్టి సంగతి కాదు.

అప్పుడు నా భార్య తలుపు దగ్గర నుంచే, గాలితో చెప్పినట్టు, "నాన్నా, ఆయనతో చెప్పండి. పిండి మరీ మెత్తగా విసిరారు. నూకలా పలగ్గొట్టాలి. మెత్తటి పిండి దారి మూసేస్తుంది" అంది. తర్వాత తనే తిరగలి దగ్గర కూర్చుంది. ఆ కాలు ముందుకి చాపుకుని, నెమ్మదిగా, ఒక్కొక్క గింజా రెండు ముక్కలయ్యేలా విసిరింది. నేను గింజలు పోస్తానని వెళ్తే వద్దనలేదు. ఒక పూటంతా నేను పోశాను, ఆమె విసిరింది.

మామగారు అవతల రాగి రేకుని పారేసి పనసచెక్కతో పట్టీలు చెక్కుతున్నారు. పట్టీకీ పట్టీకీ మధ్య సందు పైన గోరు పట్టనంత సన్నం, కింద వేలు పట్టేంత వెడల్పు. "పైన దూరిన నలుసు కింద ఇరుక్కోకూడదు. లోపలికి వచ్చినదానికి బయటికి పోయే దారి పెద్దదై ఉండాలి" అన్నారు.

రెండోసారి నీళ్లు పోశాక, గింజ ఎప్పుడు పొయ్యాలో చూడటం నాకు అప్పగించారు. మరిగిన నీటి మీద ఆవిరి దట్టంగా ఉంటే ఏమీ కనపడదు. ఆవిరి పల్చబడి నీళ్లలో మన ముఖం కనపడగానే పొయ్యాలి. అదే సరైన వేడి. నేను వంగి చూస్తున్నాను. ముందు తెల్లగా, తర్వాత నా నుదురు, కళ్లు. ఎన్ని నెలలైందో నా ముఖం నేను చూసుకుని. బుగ్గలు లోపలికి పోయాయి. "కనిపిస్తోందా?" అని మామగారు వెనక నుంచి అడిగారు. "కనిపిస్తోంది మావయ్యా" అన్నాను. "అయితే పొయ్యండి."

మూత వేసి గోనెలు చుట్టాక ఆయన, "గంటన్నర దీని దగ్గర ఎవరో కూర్చోవాలి. నాకు కూర్చోవడం రాదు, మీకు తెలుసుగా. మీరు కూర్చోండి" అన్నారు. నేను కూర్చున్నాను. అరగంట తర్వాత మోకాళ్లు ఎగరడం మొదలైంది. లేచాను, మళ్లీ కూర్చున్నాను. వేడి పోతుందేమోనని తొట్టి చుట్టూ చేతులు వేసి పట్టుకున్నాను. ఆయన వాకిట్లో తిరుగుతూ మధ్యమధ్యలో తొంగి చూశారు. కుళాయి తిప్పగానే మొదట మడ్డిగా, తర్వాత తేటగా, పనస రంగు కలిసిన పసుపుతో రసం దారంలా దిగింది. నా భార్య వేలు పట్టి నాకి, "తియ్యగా ఉంది" అంది. నాతోనే అంది.

చేదు నారింజ తొక్క వేసి కాచి, రొట్టెల కొట్టు నుంచి తెచ్చిన పులిసిన పిండి కలిపి పెట్టాం. నువెల్ ఫ్రాన్స్ చలికి పొంగు రావడానికి రెండు రోజులు పట్టింది. చివరికి తయారైన బీరు నిజంగా ఏమంత బాగోలేదు. పుల్లగా, పల్చగా ఉంది. ఎంత తాగినా కడుపు నిండేది తప్ప తల తిరిగేది కాదు. దాంతోనే నేను బాగుపడ్డానని చెప్పను. తర్వాత ఏడాదిలో రెండుసార్లు మళ్లీ రమ్ము ముట్టాను. రెండుసార్లూ ఆయన ఏమీ అడగలేదు. ఆదివారం పొద్దున్న పొయ్యి మీద నీళ్లు పెట్టి నాకోసం వాకిట్లో తిరుగుతూ ఉండేవారు. నేను వెళ్లేవాణ్ణి. మా అమ్మాయి చీర ఉయ్యాలలో నిద్రపోతుంటే పక్క పాకలో తొట్టి దగ్గర కూర్చునేవాణ్ణి. ఎప్పటినుంచో చెప్పలేను, ఒక ఆదివారం మోకాళ్లు ఎగరలేదని గుర్తించాను. తర్వాత బీరూ మానేశాను. బట్టీ పని వదిలి, ఆ ఆదివారాల్లో ఆయన దగ్గరే నేర్చుకున్న అక్షరాలు నలుగురికి చెబుతూ ఉత్తరానికి వచ్చేశాను.

నా సంగతి విని ఇంకా ముగ్గురు ఆయన దగ్గరికి వచ్చారు. ఒకడు నిలబడ్డాడు. ఒకడు మధ్యలో వెళ్లిపోయాడు. ఒకడు తొట్టి కట్టడం పూర్తయ్యాక చనిపోయాడు. ఆ కుర్రాడి గురించి ఆయన చివరిదాకా బాధపడ్డారు. "నేనేం తప్పు చేశాను అల్లుడుగారూ? గింజ లోపమా, వేడి లోపమా?" అని ఒకసారి అడిగారు.  అలాంటివాటికి జవాబు ఉండదని చెప్పి ఉండాల్సింది. ఆ మాట తోచేసరికి ఆయన లేరు.

మట్టి అయిన నాలుగో రోజు మేం ట్రియోలేకి బయల్దేరాం. రోజ్ బెల్ స్టేషన్‌దాకా ఎద్దుబండి మాట్లాడాం. అప్పుడు చెరకు పూత మీద ఉంది. దారికి రెండు వైపులా తెల్లటి కుచ్చులు గాలికి ఒక్క వైపే వంగుతున్నాయి. నా భార్య ఆ నాలుగు రోజులూ ఏడవలేదు. వచ్చినవాళ్లకి నీళ్లిచ్చింది, తల్లికి జడ వేసింది. బండి రెండు మలుపులు దిగాక హఠాత్తుగా, "ఆపండి. నేను నడుస్తాను" అంది. దిగి, కొంగు నడుముకి బిగించి, ముందుకి నడిచింది. బండివాడు కాసేపు చూసి, "చాలా దూరం ఉంది బాబూ, ఎక్కమనండి" అన్నాడు. మామగారి నడకే అది. తల వెనక్కి తిప్పకుండా, పాదం కింద రాయి ఉందో లేదో చూసుకోకుండా ఆమె వెళ్తూనే ఉంది. బండివాడు ఎద్దుల్ని అదిలించాడు. అయినా అవి ఆమె నడకని అందుకోలేకపోయాయి.